కంటి కింద సుడి ఉన్న అరవై నాలుగు గుర్రాలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు మొదటి రోజు నన్ను అడిగేది ఒకటే. ఈ బొమ్మలతో ఆడేది పిల్లలా, పెద్దలా?

పెద్దలే. ఎక్కడో చలిదేశాల్లో ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు. సెలవు రోజున ఒక పెద్ద బల్ల మీద గడ్డిరంగు గుడ్డ పరుస్తారు. వేలెడంత కూడా లేని సైనికులను రెండు వైపులా నిలబెట్టి, స్కేలుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. ఆ సైనికులు ఏ చరిత్రలోనూ లేరు. ఒకాయన కూర్చుని కొన్ని దేశాలను ఊహించి, వాటికి రాజులను, నదులను, పగలను, ఆచారాలను కల్పించి పెద్ద పుస్తకం రాశాడు. ఆ దేశాల మనుషులకు, రాక్షసులకు రంగులు వేసి పంపడం మా పని. ఆయన పేరు పలకడం మాకు రాదు కాబట్టి మా గదుల్లో అందరూ ఆయనను పుస్తకమాయన అనేవారు. ఇక్కడ నేనూ అలాగే రాస్తాను.

మదనపల్లెలో పదిహేడేళ్లు ఈ పనిలో ఉన్నాను. అందులో మొదటి మూడేళ్లు కుంచె పట్టాను, మిగతా పద్నాలుగేళ్లు ఇతరులు వేసినవి తనిఖీ చేశాను. అంతకు ముందు పన్నెండేళ్లు ఆస్పత్రి ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టాను. చిన్నవాటిని ఓపికగా చూసే కన్ను అక్కడే అలవడింది. లెక్క తప్పితే రోగికి ముప్పు అన్న భయం కూడా అక్కడే పట్టుకుంది. ఆ రెంటిలో మొదటిది ఈ పనికి చాలా ఉపయోగపడింది. రెండోది ఉపయోగపడినంత చెరుపూ చేసింది. ఆ చెరుపు గురించే ఎక్కువ రాయబోతున్నాను.

మూడు గదులు

మా యజమాని జయచంద్ర మొదట బెంగళూరులో పెట్టిన పనిని మదనపల్లెకు తెచ్చాడు. కొన్నేళ్లకు పని మూడు ఊళ్లకు పరుచుకుంది. అచ్చు ముక్కలు కుప్పంలో దిగుతాయి. అక్కడి వాళ్లు వాటిని కడిగి, అంచులు గీకి, అతికించి, బూడిదరంగు మొదటిపూత కొడతారు. గుర్రాలు, వాటి మీద మనుషులు పుంగనూరుకు వెళతాయి. కాలినడక సైనికులు, రాక్షసులు మదనపల్లెకు వస్తారు. అన్నీ చివరకు నా బల్ల మీదికి, లెన్సు లైటు కిందికి రావలసిందే.

రాక్షసులకు రంగు వేయడం సులువు, మనుషులకు వేయడం కష్టం. ఈ మాట మొదటి నెలలోనే తెలుసుకుంటే మీకు చాలా శ్రమ తప్పుతుంది. రాక్షసుడి చర్మం ఒక పూత ముదిరినా ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే వాణ్ణి చూసినవాళ్లు లేరు. మనిషి చెంప మీద ఎరుపు వెంట్రుకవాసి ఎక్కువైతే తాగినవాడిలా ఉంటాడు, తగ్గితే జ్వరంలో ఉన్నట్టు ఉంటాడు. గుర్రం కూడా అంతే. జంతువుల మధ్య పెరిగిన వాళ్లు వేసిన గుర్రానికీ, ఫొటో చూసి వేసిన గుర్రానికీ తేడా నేను కళ్లు మూసుకుని చెప్పలేను గానీ, లెన్సు కింద ఒక్క నిమిషంలో చెప్పగలను. పుంగనూరు గదిలోని పదకొండు మంది చౌడేపల్లె, పెద్దపంజాణి వైపు నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చేవారు. అందరివీ ఆవులున్న ఇళ్లే. గుర్రాలు వాళ్లకు ఇచ్చింది అందుకే.

ఆ పుస్తకంలో మనుషుల దేశాలు మూడు. సొల్వేర్ నది మీద బతికే వర్తకుల దేశం. వాళ్లకు పడవలు, పొడవాటి ఈటెలు తప్ప గుర్రాలు లేవు. తోర్వాడ్ కొండ దేశం, అక్కడ గొర్రెల కాపరులే సైనికులు. కాలెంద్ రౌతుల దేశం. రౌతు అంటే కవచం తొడుక్కుని గుర్రం మీద యుద్ధం చేసేవాడు, ఇంగ్లీషువాళ్లు నైట్ అంటారు. కాలెంద్‌లో పుట్టుకతో ఎవరూ రౌతు కారు. పదిమంది ముందు ఒక మాట ఇచ్చి అవుతారు. ఆ మాట నెరవేర్చేదాకా డాలులో సగం ఖాళీగా ఉంచుకుంటారు. నెరవేర్చాక మిగతా సగం మీద తమ గుర్తు వేసుకుంటారు. అంటే సగం డాలు ఖాళీగా ఉన్న బొమ్మ అసంపూర్తి బొమ్మ కాదు, ఇంకా పని మిగిలి ఉన్న మనిషి.

ఇదంతా నాకు తెలుసు. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, మా గదుల్లో దాన్ని చదివింది నేనొక్కదాన్నే. చదివి, అందులోంచి రంగులు మాత్రం తీసి, తెలుగులో షీటు అని ఒక కాగితం తయారుచేసేదాన్ని. ఒక దేశానికి ఒక పేజీ. ఏ భాగానికి ఏ రంగు, ఎన్ని పూతలు, ఎంతసేపు ఆరాలి. కథలు రాయలేదు. కథలు చదువుతూ కూర్చుంటే పని జరగదని నా అభిప్రాయం.

కుప్పంలో నేర్చుకున్న తప్పు పాఠం

ఒకసారి కుప్పానికి తోర్వాడ్ సైనికులు నలభై మంది వచ్చారు. ఆ గదిని చూసుకునే సెల్వి చాలా నిదానస్తురాలు. తమిళం కలిసిన తెలుగులో నెమ్మదిగా మాట్లాడేది. నలభై మందికీ ఎడమకాలికి బూటు ఉంది, కుడికాలికి లేదు. అచ్చు సరిగా పడలేదనుకుని ఆమె నలభై బొమ్మలనూ పక్కన పెట్టి, నేను వచ్చేదాకా మూడు రోజులు ఆగింది.

తోర్వాడ్ కాపరి యుద్ధానికి వెళ్లేటప్పుడు ఒక కాలికి బూటు తొడగడు, తన కొండ మట్టి కాలికి తెలుస్తూ ఉండాలని. పుస్తకంలో అది నాలుగు వాక్యాలు. సెల్వికి చెప్పడానికి అర నిమిషం పట్టేది. నేను చెప్పలేదు. అచ్చు సరిగానే ఉంది, అతికించు, మూడు రోజులు వృథా చేశావు అన్నాను. మదనపల్లెకు తిరిగివచ్చి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "షీటులో లేనిది అడగవద్దు, షీటులో ఉన్నది మానవద్దు" అని రాసి, మూడు గదుల్లోనూ గోడకు అంటించాను. దాన్ని ఐదేళ్లు తీయలేదు.

అడగడం వల్ల మూడు రోజులు పోయాయని నేను లెక్కవేశాను. అడగకపోతే ఎన్ని రోజులు పోతాయో లెక్క వేయలేదు.

ఎనిమిది ఫొటోలు

రెండేళ్ల కిందట కాలెంద్ రౌతులు అరవై నాలుగు మంది కావాలని పని వచ్చింది. ఒక పెద్ద ప్రదర్శనలో బల్ల మీద నిలబెట్టడానికి. అంతకు ముందు వచ్చిన కాలెంద్ గుర్రాల ముఖాలకు కవచం ఉండేది, ఈసారివి ముఖం తెరిచి ఉన్న కొత్త అచ్చులు. నమూనాగా ముందు ఎనిమిది పంపించాం. జూన్ 11, మంగళవారం ఉదయం పుస్తకమాయన నుంచి ఎనిమిది ఫొటోలతో ఈమెయిల్‌లో ఉత్తరం వచ్చింది. కవచాలు బాగున్నాయి, ముఖాలు చాలా బాగున్నాయి, కానీ ఒక్క గుర్రానికీ ఎడమ కంటి కింద తెల్లగుర్తు లేదని రాశాడు. అచ్చులో ఆ చోట ఉన్న చిన్న గుంటను ఎవరో పనిగట్టుకుని పూడ్చినట్టున్నారని కూడా రాశాడు. మిగతావి కూడా ఇలాగే ఉంటే తీసుకోలేనని, కాలెంద్ పని మొత్తం వేరే చోటికి మార్చవలసి వస్తుందని చివర్లో మర్యాదగానే ఉంది.

జయచంద్ర మంచి యజమాని. గొంతు పెంచిన రోజు నాకు గుర్తు లేదు. అడగకముందే మంచి దీపాలు, నడుము నొప్పి రాని కుర్చీలు తెప్పించాడు, ఏడాదికోసారి అందరికీ కళ్ల పరీక్ష చేయించాడు. కానీ ఏదైనా చెడితే దాన్ని కోసి పారేయడమే వైద్యమని నమ్మేవాడు. ఉత్తరం చదివి, అద్దాలు తుడుచుకుని, పుంగనూరు గదికి కాలెంద్ తప్ప వేరే పని లేదు కదా మేడం అన్నాడు. నేను లేదన్నాను. అయితే కాలెంద్ పోతే ఆ గది కూడా పోతుందన్నాడు. ఎవరు పూడ్చారో తెలుసుకుని రాతపూర్వకంగా తెమ్మన్నాడు.

మిగతా యాభై ఆరు గుర్రాలు నా బల్ల మీదే ఉన్నాయి. చూశాను. అన్నిటికీ ఆ చోట నున్నగా ఉంది. అన్నిటినీ నేనే తనిఖీ చేసి సంతకం పెట్టాను. అది నాకు ఆ క్షణంలో తట్టవలసింది, తట్టలేదు. కోపంలో ఉన్నాను.

పుంగనూరులో

మరుసటి రోజు పొద్దున బస్సుకు పుంగనూరు వెళ్లాను. ఆ గదికి పెద్ద మునిరత్నమ్మ. పెద్దపంజాణి దగ్గర పల్లె. అప్పటికి తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. గుర్రం ఒంటి మీద చెమట ఎక్కడ తేలుతుందో, జీను పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో ఆమె వేసినట్టు మదనపల్లెలో నేను కూడా వేయలేను. ఆమె దాచలేదు.

"నేనే పూడ్సినానమ్మా. ఈళ్లందురికీ నేనే సెప్పినా."

ఎందుకని అడిగాను.

"కంటి కింద సుడమ్మా అది. అచ్చు పోసినాయప్ప తెలీక పెట్టినాడనుకుంటి. అట్లా గుర్రం ఎక్కినోడు తిరిగి ఇల్లు జేరడు. ఇంత సింగారంగా రంగులేసి సావుకు పంపమంటారా?"

"ఇవి బొమ్మలు, మునిరత్నమ్మా."

"బొమ్మలైతే యుద్ధం యాల సేస్తాండారు?"

వెనక ఎవరో నవ్వి, వెంటనే ఆపుకున్నారు. పశువులను కొనేటప్పుడు ఒంటి మీద వెంట్రుకల సుడులు చూడడం ఆ వైపు ఇళ్లలో ఉన్నదే. మా ఇంట్లో సుడులు, శకునాలు లేవు. నేను మిషన్ కాంపౌండులో పెరిగినదాన్ని. అందువల్ల ఆమె మాట నాకు ముందు మూఢత్వంగానే వినిపించింది. అచ్చులో ఉన్నదాన్ని పూడ్చే ముందు నన్ను ఒక మాట అడగవద్దా అని గట్టిగానే అన్నాను.

మునిరత్నమ్మ గోడ వైపు చూసింది. "అడగొద్దని మీరే అంటించినారు కదమ్మా."

ఈ పని పోతే గది మూస్తారని జయచంద్ర చెప్పింది వాళ్లకు చెప్పాను. దాచడం సరి కాదనిపించింది. పదకొండు మందిలో ఎవరూ ఏడవలేదు, అరవలేదు. మునిరత్నమ్మ మాత్రం కుంచెలన్నీ కడిగి, మొన సరిచేసి, డబ్బాలో నిలబెట్టింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకే కడిగింది. మామూలుగా సాయంత్రం అయిదుకు చేసే పని అది.

ఇరవై ఎనిమిదో వరుస

తిరుగు బస్సులో సీటు దొరికింది. రాతపూర్వకంగా ఇవ్వవలసిన కాగితం రాద్దామని, ఆధారం కోసం కాలెంద్ షీటు తీశాను. రౌతుకు ఇరవై మూడు వరుసలు. గుర్రానికి నాలుగు. ఒళ్లు, జూలూ తోకా, గిట్టలు, జీను. అంతే. కంటి కింద గుర్తు లేదు.

సంచిలోంచి పుస్తకం తీసి చూశాను. గుర్తు గురించి అరపేజీ ఉంది. షీటు తయారుచేసిన రోజు నాకు గుర్తొచ్చింది. ఇరవై ఎనిమిదో వరుస రెండో పేజీలోకి పోతోందని, ఒక్క తెల్లచుక్కే కదా అని తీసేశాను. ఒక దేశానికి ఒక పేజీ అన్నది నా నియమం. ఆ నియమాన్ని కాపాడుకోవడానికి ఆ దేశపు గుర్తునే చెరిపేశాను. తర్వాత నా షీటు పక్కన పెట్టుకుని, నా షీటు ప్రకారం అరవై నాలుగు గుర్రాలనూ తనిఖీ చేసి, అన్నీ సరిగా ఉన్నాయని సంతకం పెట్టాను. మునిరత్నమ్మ గుంట పూడ్చకపోయినా అక్కడ తెలుపు పడేది కాదు.

ఇక్కడ చిన్నవాళ్లకు ఒక మాట. తప్పు దొరికినప్పుడు ముందు మీ సంతకం ఉన్న కాగితం చూడండి. చివర చూస్తే నాలాగా ఒక ప్రయాణం, పదకొండు మంది మనశ్శాంతి ఖర్చవుతాయి.

సాయంత్రం నాలుగున్నరకు జయచంద్రకు షీటు, పుస్తకం పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన రెండూ చదివి, మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు మేడం అన్నాడు. అది నిజమే. ఆ పుస్తకం ఆయన కూడా చదవలేదు. పుస్తకమాయనకు తప్పు ఒప్పుకుంటూ నేనే ఉత్తరం రాశాను. జూన్ 25న అరవై నాలుగూ తిరిగి బయల్దేరాలని ఆ రాత్రే జవాబు వచ్చింది. జయచంద్ర ఒప్పుకున్నాడు గానీ తన మాట తగ్గించలేదు.

"ఈసారి తిరిగొస్తే పుంగనూరు గది ఉండదు. అది మాత్రం మారదు మేడం."

చదవడం

జూన్ 13, గురువారం యాభై ఆరు గుర్రాలనూ పెట్టెలో తీసుకుని మళ్లీ పుంగనూరు వెళ్లాను. ముందు గోడ మీది కాగితం చింపాను. తప్పు నా షీటుదని వాళ్ల ముందే చెప్పాను. తర్వాత కుర్చీ మధ్యలో వేసుకుని కాలెంద్ గురించి పుస్తకంలో ఉన్నదంతా తెలుగులో చెప్పాను. గంటా పది నిమిషాలు పట్టింది. తొమ్మిదేళ్లు ఆ మనుషులకు రంగులు వేసిన వాళ్లు, వాళ్లెవరో మొదటిసారి విన్నారు.

కంటి కింద గుర్తు కథ ఇది. కాలెంద్‌లో కూడా ఆ గుర్తును చెడ్డదనే అనుకునేవారు. అలాంటి గుర్రాన్ని ఎక్కినవాడు తిరిగి రాడని నమ్మి, ఎవరూ జీను కట్టేవారు కాదు. ఒక ముట్టడిలో కోటలోని గుర్రాలన్నీ చచ్చిపోయి, అలాంటి ఆడగుర్రం ఒక్కటే మిగిలింది. బయట పల్లెలో చిక్కుకున్న జనాన్ని తీసుకురావడానికి రౌతులెవరూ దాన్ని ఎక్కలేదు. కోట తలుపు తీసే ఎబ్రిన్ అనే ఆడమనిషి ఎక్కింది. మూడో రోజు తొంభై మందిని వెంట నడిపించుకుని తిరిగొచ్చింది. కాలెంద్ మొదటి రౌతు ఆమే. అప్పటినుంచి ఆ దేశంలో రౌతు కావాలనుకునేవారు ఆ గుర్తున్న గుర్రాన్నే వెతికి తెచ్చుకుంటారు. ఇతరులు వద్దన్నదాన్ని కాదనను అని దాని మెడ మీద చెయ్యి వేసి మాట ఇస్తారు.

మునిరత్నమ్మకు సుడి సంగతి తెలుసు. పుస్తకం మొత్తం చదివిన నాకు తెలియలేదు. ఆమె భయం ఆ దేశపు పాత భయమే. కథలో సగం ఆమె దగ్గర ముందే ఉంది, మిగతా సగం నేను ఇవ్వలేదు.

చెప్పడం అయ్యాక మునిరత్నమ్మ ఒక గుర్రాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఆ నున్నటి చోటు తడిమింది.

"మా ఇంట్లో ఇట్లా దూడ పుట్టిందమ్మా. ఎడమ కంటి కిందే సుడి. సంతలో ఎవురూ కొనలే. ఇంట్లో ఉంటే కీడని మా మామ కసాయికి తోలేసినాడు. పాలు తాగే దూడమ్మా అది."

దీపం ఆమె వైపు తిప్పాను.

"ఆ దేశంలో పుట్టింటే బతికిపోయేది," అంది. లేచి సన్నటి సూది తెచ్చి, పూడ్చినదాన్ని గీకడం మొదలుపెట్టింది.

చుక్క కాదు

లెక్క ఇలా వేశాను. యాభై ఆరు గుర్రాలకు పుట్టీ తీయడానికి ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు, మొత్తం ఎనిమిది గంటల ఇరవై నాలుగు నిమిషాలు. పంపేసిన ఎనిమిదింటికి బదులు కొత్త అచ్చులు కుప్పం నుంచి రావాలి. వాటికి, వాటి మీది రౌతులకు కలిపి ఒక్కో జతకు అయిదు గంటలు, నలభై గంటలు. తెల్లచుక్కలు అరవై నాలుగు, ఒక్కోటి అర నిమిషం. ఆదివారాలు పోగా పది రోజులు. సులువుగా సరిపోతుంది.

కొత్త అచ్చుల కోసం నేనే కుప్పం వెళ్లాను. సెల్వికి ఒంటికాలి బూటు సంగతి ఐదేళ్ల ఆలస్యంగా చెప్పాను. ఆమె విని, అప్పుడే చెప్పి ఉంటే ఆ నలభై మందినీ పాపం కుంటివాళ్లనుకుంటూ అతికించేదాన్ని కాదు కదమ్మా అంది. ఎనిమిది అచ్చులూ ఆ పూటే సిద్ధం చేసి ఇచ్చింది.

శనివారం పుంగనూరుకు వచ్చేసరికి మునిరత్నమ్మ మొదటి గుర్రం ముగించి ఉంది. లెన్సు కింద పెట్టాను. చుక్క లేదు. గుంట మధ్యనుంచి తెల్లటి వెంట్రుకలు, ఒక్కోటి విడిగా, వంపు తిరుగుతూ బయటికి వచ్చి, చివర్లకు పోయేసరికి గోధుమరంగులో కలిసిపోతున్నాయి. ఆ గుంట వడ్లగింజ మొనంత. అందులో పద్నాలుగు గీతలు లెక్కపెట్టాను.

పుస్తకంలో బొమ్మ స్పష్టంగా ఉంది. ఒక తెల్లచుక్క, అంతే. అదే వేయమన్నాను. ఒకసారి పుస్తకం తప్పినందుకే ఇంతదాకా వచ్చామన్నాను.

"చుక్క పెడితే మచ్చ అయితాదమ్మా. సుడి కాదు. మచ్చకు ఎవురు భయపడతారు?" అంది మునిరత్నమ్మ. "భయం లేకుంటే ఆయమ్మ ఎక్కినదానికి గొప్పేముండాది?"

పద్నాలుగేళ్ల తనిఖీలో నేను షీటును దాటిన సందర్భం ఒక్కటీ లేదు. చుక్క పెడితే పుస్తకం ప్రకారం ఉంటుంది, గది నిలబడుతుందని దాదాపు ఖాయం. సుడి వేస్తే అది పుస్తకం కంటే సరైనది, కానీ పుస్తకంలో లేనిది. ఆయనకు నచ్చకపోతే పదకొండు మంది ఇంటికి పోతారు. నేను పోను, అది కూడా లెక్కలోకి తీసుకున్నాను. అందుకే నా ఒక్కదాని నిర్ణయంగా చేయకూడదనిపించి, పదకొండు మందినీ పిలిచి ఇదే మాట చెప్పాను. బస్సు టైమును బట్టి లేచిపోయే వాళ్లు ఆ రోజు లేవలేదు. చౌడేపల్లె నుంచి వచ్చే ఇద్దరు చుక్క పెట్టేద్దామన్నారు, ఎందుకు ముప్పు అని. తొమ్మిది మంది సుడి అన్నారు. ఆ ఇద్దరు కూడా చివరకు, వేస్తే అన్నిటికీ వేయాలి, సగం సగం వద్దన్నారు.

జయచంద్రకు ఫోను చేస్తే, మీ సంతకం మీద మేడం అన్నాడు. సరేనన్నాను.

నా లెక్క మారిపోయింది. ఒక్కో సుడికి ఇరవై రెండు నిమిషాలు. అరవై నాలుగింటికి ఇరవై మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. చెయ్యి అంత నిలకడగా ఉన్నది మునిరత్నమ్మకు ఒక్కదానికే. ఆమె సోమవారం పొద్దున్నే ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుని, పాత అచ్చుల మీద నేర్పించింది. తమ ఇళ్లలో ఉన్న ఆవుల నుదుటి మీది సుడిని ఆ సాయంత్రం వేలితో తడిమి చూసి రమ్మంది. బుధవారానికి నలుగురి చేతులూ కుదిరాయి. జూన్ 25 మధ్యాహ్నం రెండింటికి పెట్టె మూశాను. ఈసారి నా షీటు పక్కన పెట్టుకుని కాదు, పుస్తకం పక్కన పెట్టుకుని అరవై నాలుగూ చూశాను. పుస్తకంతో తేడా ఉన్నది ఒక్క చోటే. ఆ సంగతి పెట్టెలోని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాను.

ఏ వైపు

జూలై 15, సోమవారం జవాబు వచ్చింది. జయచంద్ర తాను చదవకుండానే నా బల్ల దగ్గరికి తెచ్చాడు.

గుర్రాలను తీసుకున్నానని మొదటి వాక్యంలోనే ఉంది. మిగతా ఉత్తరమంతా ఒకే సంగతి. ఆ గుర్తు గురించి తాను ఇరవై ఏళ్ల కిందట రాశానని, అచ్చు చెక్కినతను ఏదో పాత గుర్రం ఫొటో చూసి అక్కడ గుంట పెట్టాడని, అది వెంట్రుకల సుడి అని తనకు ఇప్పటిదాకా తెలియదని రాశాడు. అరవై నాలుగింటినీ లెన్సు కింద చూశాడట. నలభై ఒకటి ఎడమకు తిరిగాయి, ఇరవై మూడు కుడికి తిరిగాయి. ఇందులో నియమం ఏమిటి? మాట నెరవేర్చిన రౌతులవి ఒక వైపు, నెరవేర్చనివి ఒక వైపు తిరుగుతాయా? దయచేసి వేసినవారిని అడిగి చెప్పండి.

ఆ రోజే పుంగనూరు వెళ్లాను. గది నిలబడిందని చెప్పాక, ఈ ప్రశ్న కూడా చదివి వినిపించాను. మునిరత్నమ్మ ఒక గుర్రం తోకకు రంగు వేస్తూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"రూలేమీ లేదమ్మా. అన్నీ ఒక తట్టే తిరిగితే అవి గుర్రాలెట్లయితాయి, అచ్చులైతాయి."

దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఏమీ కలపకుండా, ఆమె పేరు రాసి పంపించాను. ఆ దేశాల పుస్తకం మరుసటి ఏడాది మళ్లీ అచ్చయింది. కాలెంద్ అధ్యాయంలో కొత్తగా రెండు వాక్యాలు చేరాయి. ఏ రెండు గుర్రాల సుడీ ఒకలా ఉండదని, తన గుర్రాన్ని రౌతు ఆ సుడిని వేలితో తడిమి గుర్తుపడతాడని.

పుంగనూరు గదిలో ఇప్పుడు పదిహేను మంది ఉన్నారు. తనిఖీ కూడా అక్కడే జరుగుతోంది, చేసేది మునిరత్నమ్మ. నేను పని మానే ముందు మూడు దేశాల షీటులనూ కొత్తగా రాసి ఇచ్చాను. ఒక్కో దేశానికి ఇప్పుడు ఆరేడు పేజీలు. మొదటి రెండు పేజీలు ఆ దేశం కథ, రంగు డబ్బా మూత తీయకముందు అందరికీ చదివి వినిపించాలని పైన రాశాను. తర్వాత వరుసలు, ఎప్పటిలాగే. ఏ రంగు, ఎన్ని పూతలు, ఎన్ని నిమిషాలు. కాలెంద్ గుర్రానికి ఇప్పుడు అయిదు వరుసలు. అయిదోదానిలో "కంటి కింద సుడి" అని రాసి, ఎదురుగా అంకె ఏమీ వేయకుండా "వేసేవారి ఇష్టం" అని రాశాను. నా పదిహేడేళ్ల కాగితాల్లో అంకె లేని వరుస అదొక్కటే.